నీళ్ళున్నంతసేపూ నూరు డిగ్రీలే

"మావయ్యా, మూడూ ఒకే ట్రేలో పెట్టాను, ఒకే వేడిలో, ఒకే అరగంట. బేరిపండు బాగానే మెత్తబడింది. వాల్‌నట్లేమో నానబోసిన వేరుశనగల్లా అయ్యాయి. పన్నీరైతే కరగనే లేదు, రబ్బరు ముక్కల్లా బిర్రబిగిసింది. నా ఓవెన్ పాడైపోయిందంటావా?"

మా మేనకోడలు హైదరాబాదు నుంచి ఫోన్ చేసి అడిగిన ప్రశ్న ఇది. వానాకాలం చివర్లో తోపుడు బండ్ల మీద బేరికాయలు గుట్టలుగా కనిపిస్తాయి కదా, ఆ రోజుల మాట. ఓవెన్‌కి ఏమీ కాలేదని ముందే చెప్పేశాను. మిగతా జవాబు మాత్రం ఫోన్లో తేలేది కాదు. ఈ అధ్యాయం ఆ జవాబే.

ముందు ఆ వంటకం ఏమిటో చెప్పాలి. ఉత్తర ఇటలీలోనూ, ఫ్రాన్సులోనూ ఇళ్ళలో చేసుకునే తేలికపాటి తీపి అది. బేరిపండును నిలువునా రెండు చెక్కలు చేసి, గింజలుండే నడిభాగాన్ని చెంచాతో తవ్వేస్తారు. ఆ గుంటలో వాల్‌నట్ పలుకులు, నీలి చారల చీజ్ పెట్టి, పైన చెంచాడు తేనె వేసి ఓవెన్లో కాలుస్తారు. ఇటలీవాళ్ళయితే గోర్గొంజోలా చీజ్, ఫ్రెంచివాళ్ళయితే రోక్‌ఫోర్ వాడతారు. పిండి కలిపేది లేదు, పాకం పట్టేది లేదు. పండు, పప్పు, చీజ్, అంతే. మా మేనకోడలు చీజ్‌కి బదులు పన్నీరు పెట్టింది.

బేరిపండుకీ చీజ్‌కీ ఇటలీలో పాత చుట్టరికమే ఉంది. ఈ రెండూ కలిపి తింటే ఎంత బాగుంటుందో రైతుకి మాత్రం తెలియనివ్వకు అని అక్కడొక సామెత. బొలోన్యా విశ్వవిద్యాలయంలో పనిచేసిన చరిత్రకారుడు మాస్సిమో మొంతనారి ఈ ఒక్క సామెత మీదే ఒక పుస్తకం రాశాడు. బేరిపండు తొందరగా పాడైపోయే నాజూకు సరుకు కాబట్టి అది దొరల బల్ల మీది పండు. చీజ్ గొర్రెల కాపరుల తిండి. రెండూ ఒక పళ్ళెంలోకి చేరడమే పెద్ద కథ. పైగా ఆ కాలపు వైద్యులు బేరిపండు చలువ చేస్తుందనీ, పచ్చిగా తినకుండా వండుకు తినడం మంచిదనీ చెప్పేవారు. బొప్పాయి వేడి, పుచ్చకాయ చలువ అని మన పెద్దవాళ్ళు చెప్పినట్టే.

సరే, ఓవెన్ దగ్గరికి వద్దాం.

ఓవెన్ మాట పండు వినదు

ఓవెన్ ముల్లు 180 దగ్గర పెట్టాం. అయితే లోపలున్న పండు కూడా 180 డిగ్రీల వేడెక్కుతుందా? ఎక్కదు. అరగంట ఉంచినా, ముప్పావుగంట ఉంచినా పండు లోపలి వేడి నూరు దాటదు.

మనకిది కొత్త సంగతేమీ కాదు. పొయ్యి మీద పప్పు తెర్లుతోంది. మంట పెంచితే పప్పు ఇంకా వేడెక్కుతుందనుకుంటాం. నిజానికి తెర్లడం జోరవుతుంది, ఆవిరి ఎక్కువవుతుంది, అంతే. వేడి మాత్రం నూరు దగ్గరే నిలబడిపోతుంది. ఎందుకంటే నీటిని ఆవిరిగా మార్చడానికి బోలెడంత వేడి ఖర్చవుతుంది. గది వేడిలో ఉన్న ఒక గ్రాము నీటిని మరిగే దశకు తేవడానికి 75 కేలరీలు చాలు. మరుగుతున్న ఆ ఒక్క గ్రామునీ ఆవిరి చెయ్యాలంటే 540 కావాలి, దాదాపు ఏడు రెట్లు. ఈ సంగతిని 1760ల్లో స్కాట్లండులోని గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ అనే రసాయన శాస్త్రవేత్త లెక్కగట్టి చూపించాడు. థర్మామీటరులో కనబడకుండా నీటిలో దాక్కునే వేడి కాబట్టి దాన్ని గుప్తోష్ణం అన్నారు. బడి పుస్తకాల్లో చదివే ఉంటారు. (కుక్కర్ మూత బిగిస్తే నీటి వేడి 120 దాకా పోతుంది. అది ఒత్తిడి చేసే పని. మన ట్రేకి మూత లేదు.)

ఈ దాగిన వేడి ఎంతటిదో చెయ్యి కాలినవాళ్ళకి బాగా తెలుసు. 180 డిగ్రీల ఓవెన్లో చెయ్యి పెట్టి ట్రే జరిపి తీసేస్తాం, లోపలి ఇనుము తగలకపోతే చాలు. అదే ఇడ్లీ కుక్కర్ మూత తీసేటప్పుడు నూరు డిగ్రీల ఆవిరి ఒక్క క్షణం తగిలిందంటే బొబ్బలెక్కుతుంది. పొడి గాలి మోసుకొచ్చే వేడి తక్కువ. ఆవిరి మాత్రం చర్మం మీద మళ్ళీ నీరై, తాను దాచుకున్న ఆ 540 కేలరీలనీ మనకే అప్పజెప్పి పోతుంది.

ఇక మన మూడు దినుసుల్లో నీళ్ళెంతున్నాయో చూడండి. బేరిపండులో నూటికి 84 పాళ్ళు నీరే. వాల్‌నట్‌లో నాలుగు పాళ్ళు మాత్రమే, మూడింట రెండు వంతులు నూనె. పన్నీరులో సగం అటూఇటూగా నీరుంటుంది, గోర్గొంజోలాలో అంతకన్నా కాస్త తక్కువ. ఓవెన్ ముగ్గురికీ ఒకే వేడి ఇస్తోంది. ఎవరి దగ్గర ఎన్ని నీళ్ళున్నాయో, ఆ నీళ్ళను ఎవరు ఎంతసేపు పట్టి ఉంచుతారో, దాన్నిబట్టే ఎవరి కథ వాళ్ళది.

మరమరాల ఉండ విడిపోతే

పండు మెత్తబడటమంటే లోపల ఏం జరుగుతున్నట్టు?

మరమరాల ఉండను తలుచుకోండి. ఒక్కొక్క మరమరం విడి వస్తువు. వాటన్నిటినీ ఉండగా పట్టి ఉంచేది బెల్లం పాకం. పండు కూడా అలాంటి ఉండే. కణాలు మరమరాలైతే, వాటి మధ్య ఉండే పెక్టిన్ అనే బంక పాకం లాంటిది. ఒక్క తేడా ఏమిటంటే, పండులోని ప్రతి మరమరం నీళ్ళు నింపి బిగించిన బుడగ.

వేడి తగిలినప్పుడు రెండు పనులు ఒకదాని తర్వాత ఒకటి జరుగుతాయి. అరవై డిగ్రీల దగ్గర బుడగల పొరలు చెడిపోయి, లోపలి రసం బయటికి కారిపోతుంది. అప్పటిదాకా కరకరలాడిన ముక్క వడలిపోతుంది, కానీ ఇంకా మెత్తబడదు. తోటకూర కాడలు పొయ్యి మీద పెట్టిన రెండు నిమిషాలకే వాలిపోతాయి, ఉడకడానికి మాత్రం ఇంకా చాలాసేపు పడుతుంది, చూడండి, అదే తేడా. వేడి ఎనభై దాటాక పెక్టిన్ బంక కొద్దికొద్దిగా తెగి నీళ్ళలో కలిసిపోతుంది. అప్పుడే కణాలు ఒకదాన్నొకటి వదిలేస్తాయి, చెంచా దిగుతుంది. ఈ బంకను విడదీసి, దానికి పేరు పెట్టినవాడు ఫ్రెంచి రసాయనవేత్త ఆన్రీ బ్రాకొన్నో, 1825లో.

పెక్టిన్ పేరు వినకపోయినా దాని గుణం మనవాళ్ళకి ఎప్పుడో తెలుసు. దప్పళం పెట్టేటప్పుడు గుమ్మడి, ఆనప, చిలగడదుంప ముక్కలు ఉడికాకే చింతపండు పులుసు పోస్తారు. ముందే పోస్తే ముక్క ఎంతకీ ఉడకదని మా అమ్మ మంట ముందు నిలబడి ఎన్నిసార్లు గుర్తుచేసిందో! ఆ పులుపులో పెక్టిన్ తొందరగా తెగదు, కారణం అది. సున్నం ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. అందులోని కాల్షియం పెక్టిన్ పోగులను ఒకదానికొకటి ముడివేస్తుంది. ఆగ్రా పేఠా చేసేవాళ్ళు బూడిదగుమ్మడి ముక్కల్ని పాకంలో ఉడికించే ముందు సున్నపు నీళ్ళలో నానబెట్టేది అందుకే. పాకంలో అంతసేపు ఉడికినా ముక్క చెదరదు.

బేరికాయ ఎంపికలో కొంచెం చూసుకోవాలి. మిగతా పళ్ళలా ఇది చెట్టున పండితే బాగుండదు. గట్టిగా ఉండగానే కోసి, ఇంట్లో మగ్గబెట్టాలి. పైగా ఇది లోపలి నుంచి బయటికి పండుతుంది. పైన మెత్తబడేసరికి లోపల ముద్దయిపోయి ఉంటుంది. అందుకని పొట్ట దగ్గర నొక్కి చూడటం దండగ. తొడిమ పక్కన మెడ దగ్గర వేలితో నొక్కితే కొద్దిగా లొంగాలి. కాశ్మీరు నుంచి వచ్చే బబ్బుగోషా రకం మెత్తనిది. ఓవెన్‌కి దాన్ని కాస్త దోరగా ఉండగానే తీసుకోవాలి. మన బండ్ల మీద నాష్‌పతి అని అమ్మే గట్టి రకానికి పదినిమిషాలు ఎక్కువ పడుతుంది, అంతే తేడా.

ఎంతసేపు కాల్చినా బేరిపండు నమిలితే పంటి కింద సన్నటి ఇసుకలాంటిది తగులుతూనే ఉంటుంది. జామపండులోనూ గింజల చుట్టూ అలాగే తగులుతుంది. అవి రాతి కణాలు. వాటి గోడల్లో పెక్టిన్‌కి బదులు చెక్కను చెక్కగా నిలబెట్టే లిగ్నిన్ దట్టంగా ఉంటుంది. నూరు డిగ్రీలు చెక్కను ఏం చేస్తాయి!

కాలిస్తే తీపి పెరుగుతుందా?

కాల్చిన బేరిపండు తిన్నవాళ్ళంతా పచ్చిదానికన్నా తియ్యగా ఉందంటారు. వేడికి కొత్తగా చక్కెర పుట్టుకొస్తుందా?

చిలగడదుంపలో అయితే నిజంగానే పుడుతుంది. దుంపలో పిండిపదార్థం దండిగా ఉంటుంది. దాన్ని మాల్టోస్ అనే చక్కెరగా కోసే ఎంజైము కూడా దుంపలోనే ఉంటుంది. అరవై, డెబ్బై డిగ్రీల మధ్య అది జోరుగా పనిచేస్తుంది, వేడి ఇంకా పెరిగితే చచ్చిపోతుంది. నివురుగప్పిన నిప్పుల్లో పొద్దుపోయేదాకా మగ్గిన దుంప అంత తియ్యగా ఉండటానికీ, గబగబా ఉడికించింది చప్పగా అనిపించడానికీ కారణం ఇదే. మెల్లగా వేడెక్కే దుంపలో ఆ ఎంజైముకి ఎక్కువ సమయం చిక్కుతుంది.

పండిన బేరిలో కోయడానికి పిండిపదార్థం మిగిలి ఉండదు, ఉన్న కాస్తా పండేటప్పుడే చక్కెరైపోయింది. కాబట్టి ఓవెన్లో కొత్త తీపి పుట్టదు. నీరు పోయి ఉన్న తీపి చిక్కబడుతుందంతే. నూరు గ్రాముల పండులో పది గ్రాముల చక్కెర ఉందనుకోండి. ముప్పై గ్రాముల నీరు ఆవిరైపోతే, ఆ పది గ్రాములే ఇప్పుడు డెబ్బై గ్రాముల పండులో ఉన్నాయి. నూటికి పది ఉన్నది పద్నాలుగు దాటింది.

ట్రే అడుగున కారిన రసానిది ఇంకో కథ. పండు లోపల నీటికి లోటు లేదు, కాబట్టి అక్కడ నూరు దాటదు. ట్రేలోకి జారిన రసం పలుచటి పొరగా పరుచుకుని, నీరు తొందరగా పోగొట్టుకుంటుంది. నీరు తగ్గి చక్కెర ఎక్కువైన కొద్దీ మరిగే వేడి నూరు దాటి పైకి పోతుంది. పాకం పట్టేవాళ్ళు వేళ్ళ మధ్య చూసే తీగ, నీళ్ళగిన్నెలో చూసే ఉండ, నిజానికి థర్మామీటర్లే. తీగపాకం దగ్గర వేడి నూటికి ఐదారు డిగ్రీలు పైన ఉంటుంది, ఉండపాకం దగ్గర 115 దాటుతుంది. ఇంకా పైకి పోతే చక్కెర తనకు తానే విరిగి ఎర్రబడుతుంది. పళ్ళలో ఎక్కువగా ఉండే ఫ్రక్టోస్ మామూలు పంచదారకన్నా చాలా తక్కువ వేడిలోనే, 110 ప్రాంతంలోనే, ఈ ఎరుపు మొదలుపెడుతుంది. పండు చెక్క లోపల తెల్లగా ఉండి, ట్రే అడుగున మాత్రం గోధుమరంగు పాకం పేరుకుంటుంది కదా, కారణం అదే.

పోపు పప్పులోనే ఎందుకు వేయించరు?

ఇక వాల్‌నట్లు. మా మేనకోడలు వాటిని పండు గుంటలో నింపి మొదట్లోనే ఓవెన్లో పెట్టింది. కాసేపటికి పండు రసం ఊరి గుంట నిండింది. పప్పులు ఆ రసంలో మునిగాయి. మునిగాక అవి వేగవు, ఉడుకుతాయి. 180 డిగ్రీల ఓవెన్లో ఉన్నా వాటికి తగిలేది నూరు డిగ్రీల రసమే.

తెలుగింటి వంటలో ఈ తప్పు ఎవరూ చెయ్యరు. పప్పు ఒక గిన్నెలో ఉడుకుతుంది, పోపు ఇంకో మూకుడులో వేగుతుంది. ఆవాలు, మినప్పప్పు, ఎండుమిర్చి పప్పుగిన్నెలోనే వేసి గంటసేపు తెర్లబెట్టినా ఆ ఘుమఘుమ రాదు. నూనెలో నీళ్ళుండవు కాబట్టి మూకుడులో వేడి నూరు దాటి చాలా పైకి పోతుంది. వేగాక పప్పులో కలిపితే చాలు, వాసన పప్పంతా పట్టేస్తుంది. పాయసంలో జీడిపప్పు కూడా అంతే, ముందు నేతిలో దోరగా వేగి, ఆ తర్వాతే పాలలోకి దిగుతుంది.

ఆ దోరరంగూ, ఆ వాసనా ఎక్కడివి? మాంసకృత్తుల ముక్కలూ చక్కెరలూ వేడిలో ఒకదానితో ఒకటి కలిస్తే రంగు మారుతుందని 1912లో ఫ్రెంచి వైద్యుడు, రసాయనవేత్త లూయీ కమీల్ మైయార్ గమనించాడు. అందుకే దీనిని మైయార్ చర్య అంటారు. మన వంటింటి మాటలోంచి తీసుకుని దోరచర్య అందామా? కాలిన అట్టు అంచు, వేయించిన కాఫీగింజ, రొట్టె పైచెక్క, అన్నిటి వాసన వెనకా ఇదే ఉంది. వందలకొద్దీ కొత్త పదార్థాలు ఒకదాని వెంట ఒకటి పుట్టుకొచ్చే ఈ గందరగోళాన్ని దశలవారీగా విడదీసి చూపించడానికి 1953 దాకా పట్టింది. ఆ పని చేసినవాడు అమెరికా వ్యవసాయశాఖ ప్రయోగశాలలో పనిచేసిన జాన్ హాడ్జ్.

దోరచర్య 140 డిగ్రీల దగ్గర చురుగ్గా సాగుతుంది. తక్కువ వేడిలో జరగదని కాదు, గంటలు పడుతుంది. పాత ఇళ్ళలో పాలదాలి ఉండేది. పిడకల సెగ మీద మట్టికుండలో పాలు పొద్దుటినుంచీ కాగుతుంటే మధ్యాహ్నానికి లేత ఎరుపు తిరిగేవి, మీగడ అట్టులా కట్టేది. నూరు దాటకుండానే పాలలోని చక్కెర, మాంసకృత్తులు అంతసేపు కూర్చుని చేసిన పని అది. ఆ మీగడ రుచి ఎరిగినవాళ్ళు ఓవెన్ గొప్పలకి అంత తొందరగా లొంగరు. మన వాల్‌నట్లకి అంత వ్యవధి లేదు. వాటిని విడిగా, పొడి ట్రేలో పరిచి, ఎనిమిది నిమిషాలు వేయించి తీసేస్తే సరి. ఉన్న నాలుగు పాళ్ళ నీరూ మొదటి నిమిషాల్లోనే పోతుంది, ఆ వెంటనే వేడి పైకెక్కుతుంది.

ఇక్కడో చిన్న జాగ్రత్త. కోరుకున్న రంగు రాకముందే, ఇంకాస్త ఉంటే బాగుండుననిపించినప్పుడే దించెయ్యాలి. పప్పులోని నూనె వేడిని పట్టుకుని ఉంటుంది, బయటికి తీశాక కూడా కొంతసేపు వేగుతూనే ఉంటుంది. వేడి తగ్గాక పాత గుడ్డలో వేసి, వేరుశనగ పప్పులకు చేసినట్టే నలిపితే పైపొట్టు చాలావరకు ఊడి వస్తుంది. వాల్‌నట్ చేదంతా ఆ పల్చటి పొట్టులోనే ఉంది. చేదు మరీ ఎక్కువగా ఉంటే మాత్రం తప్పు పొట్టుది కాదు, సరుకు పాతదైందన్నమాట. వాల్‌నట్ నూనె గాలి తగిలితే తొందరగా చెడే రకం. కాశ్మీరు సరుకు కొత్తగా వచ్చినప్పుడు కొని, మూత బిగించి ఫ్రిజ్‌లో పెట్టుకోవడం మేలు.

జున్ను, పన్నీరు, చీజ్

పన్నీరు ఎందుకు కరగలేదు? అసలు ప్రశ్న ఇదే.

పేర్ల గొడవ ముందు తేల్చుకుందాం. తెలుగు నిఘంటువుల్లో చీజ్‌కి ఎదురుగా జున్ను అని రాసి ఉంటుంది. మనం తినే జున్నుకీ చీజ్‌కీ పాలు గట్టిపడటం ఒక్కటే పోలిక, గట్టిపడే తీరు వేరు. జున్ను వేడికి గట్టిపడుతుంది. ఈనిన గేదె మొదటి పాలలో మాంసకృత్తులు మామూలు పాలకన్నా మూడు నాలుగు రెట్లు ఎక్కువ. దూడను రోగాల నుంచి కాపాడేవీ వాటిలో ఉంటాయి. ఆవిరి మీద పెడితే అవి కోడిగుడ్డులా గట్టిపడతాయి. ఉడికిన గుడ్డు మళ్ళీ కరగదు. జున్నూ అంతే.

పన్నీరు పులుపుకు విరుగుతుంది. చీజ్ కోసం పాలను విరగబెట్టేది రెన్నెట్ అనే ఎంజైము. ఈ రెండింటి మధ్య తేడాలోనే మా మేనకోడలి రబ్బరు ముక్కల రహస్యం ఉంది.

పాలలోని ముఖ్యమైన మాంసకృత్తి కేసిన్. అది విడివిడిగా కాకుండా సూక్ష్మమైన ఉండలుగా తేలుతుంటుంది. ప్రతి ఉండనూ లోపలినుంచి పట్టి ఉంచే జిగురు కాల్షియం. ఉండ పైన జుట్టులాంటి పోగులు లేచి ఉంటాయి. ఆ జుట్టు అడ్డం పడటం వల్లే ఉండలు ఒకదానికొకటి అంటుకోవు, పాలు పాలలాగే ఉంటాయి. రెన్నెట్ ఏం చేస్తుందంటే, ఉండలన్నిటికీ గుండు కొట్టేస్తుంది. జుట్టు పోగానే అవి దగ్గరికి చేరి గడ్డకడతాయి. లోపలి కాల్షియం జిగురు మాత్రం చాలావరకు అలాగే ఉంటుంది. ఒకప్పుడు రెన్నెట్ దూడల కడుపులోంచి తీసేవారు. ఇప్పుడు సూక్ష్మజీవుల చేత చేయిస్తున్నారు, మన అంగళ్ళలో చీజ్ పొట్లాల మీద ఆకుపచ్చ చుక్క కనిపించడం అందుకే.

నిమ్మరసం దారి వేరు. అది కాల్షియం జిగురునే కరిగించి విరిగిన నీటిలోకి పంపేస్తుంది. ఉండలు ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకునేలా చేసే విద్యుదావేశాన్ని కూడా పోగొడుతుంది. ఇక అడ్డేమీ లేకపోవడంతో కేసిన్ పోగులు నేరుగా ఒకదాన్నొకటి ఎక్కడపడితే అక్కడ పట్టేసుకుంటాయి. పైగా పాలను మరగబెట్టాకే విరగ్గొడతాం, కాబట్టి పాలలోని మిగతా మాంసకృత్తులు కూడా వేడికి చెదిరి వీటికే అతుక్కుని ఉంటాయి.

ఇప్పుడు రెండిటినీ ఓవెన్లో పెట్టండి. చీజ్‌లో ముందు కొవ్వు కరుగుతుంది, మన ఒంటి వేడి కూడా అక్కర్లేదు దానికి. అరవై డిగ్రీల ప్రాంతంలో కాల్షియం వంతెనలతో నిలిచిన పోగులు పట్టు సడలి, ఒకదాని మీద ఒకటి జారతాయి. దాన్నే మనం కరగడం అంటున్నాం. పన్నీరులో పోగుల పట్టు గట్టిది. వేడికి ముందుగా వదిలిపోయేది నీరు. నీరు పోయినకొద్దీ పోగులు ఇంకా దగ్గరవుతాయి, ఇంకా బిగుస్తాయి. ఎంత వేడిచేస్తే అంత గట్టి. పాలక్ పన్నీరులో ముక్క చెదరకుండా నిలవడం ఈ గుణం వల్లే. అక్కడ మెచ్చుకున్నదాన్ని ఇక్కడ తప్పుపట్టడం న్యాయం కాదు.

చీజ్‌నీ అతిగా కాలిస్తే పన్నీరు గతే పడుతుంది. నీరు పోయి, కొవ్వు నూనెలా విడిపోయి, పోగులు ముడుచుకుపోతాయి. చల్లారిన పిజ్జా మీది చీజ్‌ను పీకి చూడండి. ఈ బెడద లేకుండా 1911లో స్విట్జర్లాండులోని తూన్ ఊళ్ళో వాల్టర్ గెర్బర్, ఫ్రిట్జ్ ష్టెట్లర్ అనే ఇద్దరు, చీజ్‌లో నిమ్మ ఉప్పు లాంటి లవణం కలిపి కరిగించారు. అది కాల్షియాన్ని కొంత లాగేసి పోగులనూ కొవ్వునూ కలిపి ఉంచుతుంది. మనకు అమూల్ డబ్బాలో వచ్చే ప్రాసెస్డ్ చీజ్ ఆ వంశందే.

నీలి చీజ్ సంగతి ఇంకా ముచ్చటైనది. దాని నీలి చారలు బూజు, పెనిసిలియం రోక్‌ఫోర్టి. 1928లో ఫ్లెమింగ్‌కి పెన్సిలిన్ ఇచ్చిన బూజుకి ఇది జ్ఞాతి. బూజుకి గాలి కావాలి గనుక చీజ్ గడ్డను పొడవాటి సూదులతో గుచ్చుతారు. ఆ కన్నాల వెంటే నీలిరంగు పాకుతుంది. ఫ్రాన్సులో రోక్‌ఫోర్ ఊరి కొండగుహల్లో మగ్గబెట్టిన గొర్రెపాల చీజ్‌కే ఆ పేరు చెల్లుతుందని 1925లో చట్టమే చేశారు. మిలాను దగ్గరి గోర్గొంజోలా ఆవుపాలది. బూజు నెలల తరబడి మాంసకృత్తులను కోస్తూ కూర్చుంటుంది కాబట్టి పోగులు పొట్టివైపోతాయి, ఓవెన్లో ఐదు నిమిషాలకే వెన్నలా జారుతుంది. అదే బూజు కొవ్వును కోసి ఆ ఘాటు వాసన పుట్టిస్తుంది.

తీపి వంటకంలో ఉప్పగా ఉండే చీజ్ ఎందుకని అడుగుతారు. జామకాయకి ఉప్పు అద్దుకునేవాళ్ళు అడగాల్సిన ప్రశ్న కాదు. ఉప్పు చేదును అణుస్తుంది. చేదు తగ్గితే దాని కింద అణగి ఉన్న తీపి పైకి తేలుతుంది. 1997లో అమెరికాలో బ్రెస్లిన్, బోషాం అనే పరిశోధకులు చేదు, తీపి కలిపిన నీళ్ళలో ఉప్పు వేసి రుచి చూపించి ఈ సంగతి నిరూపించారు. ఇక్కడ చీజ్‌లోని ఉప్పు వాల్‌నట్ పొట్టు చేదును పట్టేస్తుంది, బేరిపండు ఇంకొంచెం తియ్యగా తోస్తుంది.

రెండోసారి

చివరికి మా మేనకోడలికి చెప్పిందిది. పండు ముందు, ఒక్కటే. కోసిన వైపు పైకి పెట్టి, కాస్త వెన్న రాసి, 180 దగ్గర పాతిక నిమిషాలు. మెడ దగ్గర చాకు తేలిగ్గా దిగాలి. ఓవెన్ వేడెక్కేలోపే వాల్‌నట్లు విడిగా వేయించి పక్కన పెట్టు. పండు ఉడికాక గుంటలో చీజ్ పెట్టి మరో ఐదు నిమిషాలు, అది అంచులు జారేదాకా. బయటికి తీశాకే వాల్‌నట్లు చల్లు, తేనె వెయ్యి. తేనె వాసన వేడికి ఎగిరిపోతుంది, ముందే వేసి లాభం లేదు. నీలి చీజ్ దొరక్కపోతే చెడ్డార్ వెయ్యి. పన్నీరే వాడాలనుకుంటే తాజాది చిదిమి చివర్లో చల్లు, ఓవెన్‌కి చూపించకు.

ఓవెన్ లేనివాళ్ళు పాత కుక్కర్లో ఉప్పు పోసి, గ్యాస్కెట్టూ వెయిటూ తీసేసి, పైన చిన్న గిన్నె పెట్టి చెయ్యచ్చు. కాకపోతే లోపల ఆవిరి నిలుస్తుంది, ట్రేలో వచ్చేంత పాకం రాదు.

వారం తర్వాత ఫోటో వచ్చింది. చీజ్ జారి పండు అంచుల మీదికి ఒలికింది, వాల్‌నట్లు కరకరలాడుతున్నాయని రాసింది. మా అక్క ఆ రోజు అక్కడే ఉందట. నీలి చారలు చూసి, వాసన చూసి, "బూజు పట్టిందే ఇది, పారెయ్" అని ప్లేటు పక్కకి నెట్టేసిందట. ఆ తర్వాత వంటింట్లో చప్పుడైతే వెళ్ళి చూసిందట మా మేనకోడలు. అక్క ట్రే అడుగున ముదిరిన పాకాన్ని అట్లకాడతో గీకి నోట్లో వేసుకుంటోంది.